మూడో సిలిండరులో చప్పుడు

మా తాత పీర్ సాహెబుకు ఒక గొప్ప ఉండేది. ఒకసారి చెవిన పడిన ఇంజనును చచ్చేదాకా మర్చిపోనని. "నా కళ్ళకు గుడ్డ కట్టి రోడ్డు పక్కన కూర్చోబెట్టండి. పోయే బండి ఎవరిదో, దాని కడుపులో ఏం నెప్పుందో చెప్తా" అనేవాడు. కన్నబిడ్డల పేర్లు మాత్రం ఏనాడూ సరిగ్గా పిలిచిన పాపాన పోలేదు. అబిదాను పిలవాలంటే ముందు షంషాద్ అని, తర్వాత పక్కింటి పిల్ల పేరు, ఆ తర్వాత మేక పేరు పిలిచి, చివరికి "ఒసేయ్, నువ్వేనే" అని చేత్తో చూపించేవాడు.

మాచర్లలో స్టేషనుకు పోయే దారి పక్కన ఆయన షెడ్డు. తాటి దూలాల మీద తుప్పు రేకులు, నేలంతా నూనె తాగి నల్లబడిన మట్టి. నాగార్జునసాగరం ఆనకట్ట లేస్తున్న రోజులవి. రాయీ, సిమెంటూ, ఇనుమూ, కూలి జనమూ, అన్నీ చక్రాల మీదే పోవాలి. ఆ చక్రాల్లో సగం, యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న ముసలి లారీలవి. పైన కొత్త రంగు, లోపల పాత రోగం. అందువల్ల తాత షెడ్డు ముందు ఎప్పుడూ తిరణాలే.

ఆయన వైద్యమంతా ఒక తుమ్మకర్రతో. చేతుల్లో అరిగి అరిగి నున్నబడ్డ మూరెడు కర్ర. ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు ఎవరూ దగ్గకూడదు. పక్కనున్న టీ కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపాలి. కాసేపటికి తాత కళ్ళు తెరిచి, ఏదో కలలో పెద్దలు కనబడి చెప్పినట్టు, "రెండో వాల్వు" అనేవాడు. విప్పి చూస్తే రెండో వాల్వే. చూసిన వాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు. తాత మాత్రం మీసం దువ్వుకుని, ఇందులో ఏముందిలే అన్నట్టు బీడీ ముట్టించేవాడు. ఆ దువ్వడంలో మీసానికి అంటుకున్న గ్రీజు సాయంత్రం నానమ్మ కిరసనాయిలు గుడ్డతో తుడిచేది.

ఆయన ఒంటి మీద ఇంకో రెండు వింతలు ఉండేవి. నడుముకు, లుంగీ జారకుండా, గోనెసంచి కుట్టే పురికొస. కుడి మణికట్టుకు ఎప్పుడూ ఆముదం తడిపిన గుడ్డ.

పురికొస సంగతి మాచర్ల అంతా ఎరుగును. దానికి ముందు అక్కడ ఒక బెల్టు ఉండేది. నానమ్మ మాబున్నీసా వాళ్ళ నాయన నరసరావుపేట స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. బస్సులు వచ్చి జట్కా ఎక్కేవాళ్ళు లేకపోయాక గుర్రాన్ని అమ్మేశాడు గానీ జీను తోలు అమ్మడానికి చెయ్యి రాలేదు. ఏళ్ళ తరబడి నూనె పట్టించిన తోలది. దాన్ని కోసి, చెప్పులు కుట్టే ఆరెతో అంచుల వెంట చిన్న చిన్న చేపలు పొడిచి, బెల్టు చేసి, కూతురి పెళ్ళినాడు అల్లుడి నడుముకు తన చేత్తో కట్టాడు. ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు. ఆ బెల్టును చూస్తే నానమ్మకు నాయన కనబడేవాడు. అట్లాంటి బెల్టు కోటప్పకొండ తిరణాల్లో పోయింది. తిరణాల బస్సుల్లో దేనికైనా జబ్బు చేస్తే చూడాలని తాతను పిలిపించారు. వెళ్ళేటప్పుడు బెల్టుతో వెళ్ళినవాడు, వచ్చేటప్పుడు లుంగీ గుప్పిట్లో పట్టుకుని వచ్చాడు.

"జనంలో ఎవడో దొంగనాయాలు కోసుకుపోయాడే" అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక నానమ్మ రెండు చేతులూ చాచి గట్టిగా దువా చేసేది. అందరినీ చల్లగా చూడమని అడిగి, చివర్లో గొంతు మార్చి, "మా నాయన బెల్టు కోసిన వాడి చెయ్యి పడిపోవాల యా అల్లా" అనేది. మంచం మీద తాత "ఆమీన్" అనేవాడు, కొంచెం మెల్లిగా. మణికట్టు నొప్పి మొదలైందీ ఆ రోజుల్లోనే. స్పానరు తిప్పీ తిప్పీ వచ్చిందని అందరూ అనుకున్నారు. నానమ్మే ఆముదం కాచి కట్టు కట్టేది.

ఒక ఎండాకాలం పొద్దున, మిట్టమధ్యాహ్నం కాకముందే, బజారులో జనం పనులు వదిలేసి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. రెండు జతల ఎడ్లు ఒక లారీని లాక్కొస్తున్నాయి. నాపరాళ్ళ వ్యాపారి రామబ్రహ్మం లారీ అది. మూడు నెలల కింద పూలదండ వేసి ఊరంతా తిప్పిన లారీ. ఆయనే గొడుగు వేసుకుని, ఆ గొడుగు కింద కూడా ముఖం కాలిపోతూ, పక్కన నడుస్తున్నాడు. స్టీరింగు దగ్గర డ్రైవరు జక్కయ్య తల దించుకుని కూర్చున్నాడు.

"ఏందయ్యా రామబ్రహ్మం గారూ! పెట్రోలు బదులు ఎండుగడ్డి వేస్తున్నారా?" అన్నాడు తాత.

"నవ్వబాక సాయిబూ. కడుపు రగిలిపోతంది. దిగరా జక్కయ్యా. దిగి చెప్పు ఏం జరిగిందో. నాకు చెప్పిన కథే ఈయనకీ చెప్పు."

జక్కయ్య దిగాడు. చెప్పుల్లేని కాళ్ళు, మసి ముఖం. ఒకప్పుడు రామబ్రహ్మం రాళ్ళబండే తోలేవాడు. బండి పోయి లారీ వచ్చాక రాత్రీ పగలూ దాని వెనకే తిరిగి స్టీరింగు నేర్చుకున్నాడు. వాళ్ళ పేటలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి. లారీ ఆ పక్కగా పోతే పేటలో మరియ తల్లి గుడి దగ్గర ఒకసారి హారను కొట్టేవాడు. ఆ ఒక్క హారను కోసం ఆయన భార్య కరుణమ్మ చేతిలో చేట చేతిలోనే ఉంచుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేదని చెప్పుకునేవాళ్ళు.

"కత కాదు సాయిబన్నా" అన్నాడు జక్కయ్య. "తెల్లారి చల్లగా ఉన్నప్పుడు నూనె జోరు చూపించే ఆయిల్ ముల్లు బాగానే లేస్తది. కొండ మలుపు కాడికి వచ్చి ఇంజను వేడెక్కేసరికి మెల్లంగా వాలిపోద్ది. నాల్రోజుల్నుంచి చూస్తన్నా. ఇయ్యాల అయితే సున్నా మీద పడుకుంది, లేవలా. లోపల ఎవరో తలుపు బాదినట్టు చప్పుడు. ఇంక ఒక్క గజం తోలినా ఇంజను పగిలిపోద్దని కట్టేశా."

"నూనె అమ్ముకుంటే ముల్లు పడకేం చేస్తది?" అన్నాడు రామబ్రహ్మం.

చుట్టూ జనం ఒక్కసారిగా జక్కయ్య వైపు చూశారు. జక్కయ్య కూడా తన వెనక ఎవరన్నా ఉన్నారేమో అన్నట్టు తిరిగి చూశాడు. ఆ మాట తన్నే అన్నారని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఎవరు అమ్ముకున్నారయ్యా?"

"ఆనకట్ట కాడ నీకు చానామంది స్నేహితులంట గదరా. మంచి నూనె వాళ్ళకి తోడిపోసి, కాలిన నూనె నా ఇంజన్లో పోస్తే ఎవరికి తెలుస్తదిలే అనుకున్నావా? సాయిబూ, నువ్వు చూసి చెప్పు. నీ మాటే నా మాట. నువ్వు కాదంటే నేను నోరెత్తను. నువ్వు అవునంటే వీడు మళ్ళీ నా లారీ మెట్టు ఎక్కడు."

మెట్టు ఎక్కకపోవడం ఒక్కటే కాదు. నూనె దొంగ అన్న పేరు పడితే మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఇంకే యజమానీ స్టీరింగు ఇవ్వడని అక్కడున్న అందరికీ తెలుసు. జక్కయ్య మాత్రం తాత ముఖం వంకే చూస్తూ నిలబడ్డాడు.

తాత మొదట కొలపుల్ల తీశాడు. నూనె గీత దాకా నిండుగా ఉంది. వేళ్ళ మధ్య రుద్దాడు, వాసన చూశాడు, కూరలో ఉప్పు చూసినట్టు నాలిక కొసకు కూడా తాకించాడు. ముఖం అదోలా పెట్టాడు. నూనెలో నల్ల జీలకర్ర లాంటి నలుసులు. తర్వాత ముల్లుకు పోయే రాగి గొట్టం విప్పి, జక్కయ్యను హ్యాండిలు తిప్పమన్నాడు. గొట్టంలోంచి నూనె ఎగిరి చిమ్మాలి. పసిపిల్లాడి నోట్లో చొంగలా బొట్టు బొట్టుగా కారింది. అంటే ముల్లు అబద్ధం చెప్పడం లేదు, ఇంజనుకు నిజంగానే నూనె అందడం లేదు.

గొట్టం బిగించి, "ఒక్క నిమిషం. ఒక్క నిమిషమే" అని ఇంజను స్టార్టు చేయించాడు. చప్పుడు రేకుల షెడ్డంతా అదిరింది. ఒక్కొక్క ప్లగ్గు వైరూ పీకుతూ పోయాడు. మొదటిది పీకితే చప్పుడు మారలేదు. రెండోది పీకినా అంతే. మూడోది పీకేసరికి, ఏడ్చే పిల్లాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు చప్పుడు అణిగింది.

"మూడో దాంట్లో" అని, కర్ర ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. టీ కొట్టువాడు గ్లాసులు వదిలేశాడు.

కళ్ళు మూసుకున్న తాత ఎంతకీ తెరవలేదు. ఇనుము ఇనుమును కొడితే కణకణమనాలి. ఇది అట్లా లేదు. తడిసిన డప్పు మీద కొట్టినట్టు బొదబొదమంటోంది. ఇన్నేళ్ళలో వినని చప్పుడు. ఏ ఇంజనో, ఏ రోగమో, ఏమీ తోచలేదు. ఇంజను ఆపించి, కర్ర దించి చూస్తే ఊరు ఊరంతా తన నోటి వంకే చూస్తోంది. ఏమీ తెలియలేదని అంతమందిలో చెప్పడం తాతకు అలవాటు లేని పని.

"ఇది ఇంజను తప్పు కాదు" అన్నాడు గంభీరంగా. "నూనెలో ఏందో కలిసింది. ఇది మనిషి చేసిన పని."

"విన్నారా?" అని రామబ్రహ్మం గొడుగు మూసి నేల మీద కొట్టాడు. "విన్నారా అంతా? తాళంచెవి ఇట్టా తేరా."

జక్కయ్య తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. తాత ఉలిక్కిపడ్డాడు. మనిషి అన్నాడు గానీ ఫలానా మనిషి అనలేదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు. కానీ చుట్టూ జనం అప్పటికే "సాయిబు చెవి అబద్ధం వినదు" అని తలలూపుతున్నారు. ఆ తలలూపడం చూస్తే తాతకు నోరు ఎప్పుడూ మూతపడుతుంది. మూతపడింది. చాప పరుచుకుని లారీ కిందికి దూరిపోయాడు.

నూనె దించేశాడు. అడుగున నూనె నిలిచే చాంబరు బోల్టులు ఒక్కొక్కటే విప్పి, దాన్ని గుండెల మీదికి దించుకుని పక్కన పెట్టాడు. నూనెను పైకి పీల్చే చోట ఒక జాలీ ఉంటుంది. పంపు మింగే ముందు నూనె అందులోంచి వడకట్టుకుని పోవాలి. ఆ జాలీకి కన్నమే కనబడలేదు. నల్లటి పొట్టు మందంగా అంటుకుని ఉంది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాలిన నూనె వాసన కాదు, కాలిన తోలు వాసన.

తాత మూడో సిలిండరు రాడ్డు నట్లు విప్పి అడుగు మూత లాగాడు. లోపల బేరింగు లోహం తళతళమంటూ కనబడాలి. దాని బదులు నల్లటి నాలిక లాంటిదొకటి జారి ముఖం మీద వేలాడింది.

తాత ఎగిరిపడ్డాడు. తల పోయి క్రాంకు ఇరుసుకు కొట్టుకుంది.

"ఏంది సాయిబూ?" అన్నాడు రామబ్రహ్మం పైనుంచి.

"ఏం లే. నట్టు."

ఆ ముక్కను పట్టి లాగి, లుంగీ అంచుతో తుడిచాడు. నడిమంతా అరిగి, కాలి, పీచుపీచుగా ఉంది. కానీ క్రాంకు తగలని అంచు ఒకటి కొంచెం మిగిలింది. ఆ అంచు మీద, ఆరెతో పొడిచిన చిన్న చేప ఒకటి. దాని వెనక ఇంకొకటి.

తాత ఆ ముక్కను వెలుతురుకు తిప్పి మళ్ళీ చూశాడు.

కోటప్పకొండ నుంచి తిరిగి వస్తున్న ఆ బస్సు కళ్ళముందుకు వచ్చింది. ముసలీ ముతకా, చంటిపిల్లలూ, ప్రభల దగ్గర కొన్న బూరలూ, అందరూ కిక్కిరిసిన బస్సు. చుట్టుపక్కల నీటిచుక్క లేని చోట మూడో సిలిండరు బేరింగు కరిగిపోయి బస్సు ఆగిపోయింది. అట్లాంటప్పుడు పాత మెకానిక్కులు చేసే ఉపాయం ఒకటుంది. పోయిన బేరింగు చోట నూనెలో నానిన మందపాటి తోలు చుట్టి బిగిస్తే, మెల్లగా తోలుకుంటూ ఇల్లు చేరొచ్చు. ఇంటి దాకానే. ఆ మర్నాడే విప్పి అసలు బేరింగు వేయాలి. బస్సులో మందపాటి తోలు ఒకరి నడుముకే ఉంది. ముసలమ్మలు చేతులెత్తి దణ్ణం పెడుతుంటే తాత హుషారులో బెల్టు విప్పి, కోసి, చుట్టేశాడు. రేపు షెడ్డుకు తెస్తే విప్పి ఇస్తానన్నాడు. క్రోసూరు బస్సు అది. చప్పుడు లేకుండా నడుస్తుంటే విప్పించడం ఎందుకనుకున్నారేమో, రేపు రాలేదు, ఎల్లుండీ రాలేదు. నీ నాయన బెల్టును బస్సుకు కట్టానని నానమ్మతో చెప్పే ధైర్యం లేక, తాత తిరణాల్లో ఒక దొంగను పుట్టించాడు.

"రామబ్రహ్మం గారూ" అన్నాడు తాత కిందనుంచి. "ఈ ఇంజను ఈ లారీదేనా?"

"లారీది పగిలిపోయి ఉండె. చిలకలూరిపేటలో పాత సామాన్ల కొట్టాయన క్రోసూరు బస్సు ఇంజను ఒకటి ఎక్కించి ఇచ్చాడు. ఎన్నాళ్ళో షెడ్డులో పడుందంట, పెద్దగా తిరగలేదంట. ఎందుకు?"

"ఊరికే."

తాత తన చేత్తో తన బెల్టు కట్టిన ఇంజను. చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, అంతమంది ముందు విన్నాడు. గుర్తుపట్టలేదు. జన్మలో మర్చిపోనన్న చెవి!

ఎవరూ చూడలేదు. ఈ ముక్కను లుంగీ మడతలో దోపుకుంటే సరి. బేరింగు అరిగిందని చెప్పి కొత్తది వేస్తే ఇంజను బాగుపడుతుంది, చెవికి పేరూ దక్కుతుంది, ఇంట్లో జుమ్మా దువా మామూలుగా నడుస్తుంది. దోపుకున్నాడు కూడా.

లారీ కిందనుంచి చూస్తే లోకమంతా పాదాలే. రామబ్రహ్మం కిర్రు చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. జక్కయ్య పగిలిన మడమలు క్యాబిను ఎక్కి, కాసేపటికి దిగాయి. వాటి పక్కన, గాలిలో, జపమాల శిలువ వేలాడుతోంది. అద్దానికి కట్టుకున్నది విప్పి తెచ్చుకున్నాడు. ఇంతలో ఇంకో జత పాదాలు వచ్చాయి. వెండి కడియాలు. మాబున్నీసా, మధ్యాహ్నం రొట్టెల మూటతో.

"ఏందిరా జక్కయ్యా, ఆ కళ్ళేంది? కరుణమ్మకు ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది వదినా. నాకే బాగాలేదు. నూనె అమ్ముకున్నానంట. అన్న చెవి పెట్టి చూసి, మనిషి చేసిన పని అన్నాడు."

"ఆయన అన్నాడా?" నానమ్మ నిర్ఘాంతపోయింది. "ఆయన చెవి తప్పు వినదే! నువ్వట్టాంటోడివని నేను కల్లో కూడా అనుకోలేదురా. దొంగ చేసిన పని ఎంత మంట పెడతదో నాకు తెలుసు. మా నాయన బెల్టు కోసినోడి చెయ్యి పడిపోవాలని ఎన్ని జుమ్మాలుగా అడుగుతున్నానో."

జక్కయ్య కుడి చెయ్యి చాచాడు. తాతకు పాదాలే కనబడుతున్నాయి గానీ, ఆ చెయ్యి నీడ నేల మీద పడింది.

"నేను ఒక్క చుక్క అమ్ముకునుంటే నాదీ అట్టాగే పడిపోనీ వదినా. మా మరియ తల్లి సాక్షిగా చెప్తన్నా. నీ దువాలో నా చెయ్యి కూడా కలుపు. ఇప్పుడే. ఈ అయ్య ముందరే."

నానమ్మ రొట్టెల మూట కింద పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుంది. నేల మీద రెండు అరచేతుల నీడ లేచింది.

తాత మణికట్టులో కత్తి దిగినట్టయింది.

"వద్దే!" అని ఒక్క కేక వేశాడు. "ఆ దువా చెయ్యబాకే! పడిన చెయ్యి ఒకటి చాలు!"

మనిషి బయటికి రాలేదు. లారీ కిందనుంచి ఆముదం గుడ్డ కట్టిన చెయ్యి ఒక్కటే వచ్చింది. అందులో నల్లటి తోలు ముక్క.

"ఇదిగో మీ దొంగతనం. నూనె అమ్మింది లేదు, గీనె అమ్మింది లేదు. ఇది తునకలై జాలీకి అడ్డం పడింది. పైగా బేరింగు లేక నూనె అంతా అక్కడే జారిపోతంది. ఇంక ముల్లు ఎట్టా లేస్తది? మనిషి చేసిన పనే. ఆ మనిషిని నేనే."

రామబ్రహ్మం వంగి చూశాడు. "నువ్వేందయ్యా? నా ఇంజన్లో నీ తోలేంది?"

నానమ్మ ఆ ముక్కను అందుకుంది. బొటనవేలితో అంచు తడిమింది. మొదటి చేప దగ్గర వేలు ఆగింది.

"ఇది మా నాయనది" అంది.

లారీ కిందనుంచి తాత చెప్పాడు. తిరణాల బస్సూ, కరిగిన బేరింగూ, ముసలమ్మల దణ్ణాలూ, రేపు వస్తామని రాని క్రోసూరు వాళ్ళూ, అన్నీ చెప్పాడు. దొంగ సంగతికి వచ్చేసరికి గొంతు సన్నబడింది. ఏడుస్తుందో, తిడుతుందో, రొట్టెల మూట లారీ కిందికి విసురుతుందో అని అందరూ నానమ్మ వంక చూశారు.

నానమ్మ చేపల మీంచి వేలు తీయలేదు.

"ఏ చేత్తో కోశావయ్యా?" అంది మెల్లిగా.

"కుడి చేత్తోనే."

"యా అల్లా!" అని ఆ నూనె మట్టిలోనే కూలబడింది. బయటికి చాచి ఉన్న ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. "ఎన్ని జుమ్మాలు! నోరారా అడిగానే! నేను అడగడం, నువ్వు ఆమీన్ అనడం! అడిగి, ఇంటికొచ్చి నేనే కట్టు కట్టడం! ఒక్క మాట చెప్పి చావకూడదటయ్యా? చెయ్యి పూర్తిగా పడిపోయుంటే ఏం చేసేదాన్ని?"

షెడ్డు కుండలో నీళ్ళు ముంచి ఆ మణికట్టు మీద పోస్తూ, పెదాలు కదుపుతూ, పంపిన దువాలన్నింటినీ ఒక్కొక్కటిగా వెనక్కి పిలవడం మొదలుపెట్టింది. తాత కింద పడుకుని, చెయ్యి బయట పెట్టుకుని, కదలకుండా ఉన్నాడు. బయటికి రమ్మని ఎవరూ అనలేదు. అన్నా వచ్చేవాడు కాదు.

రామబ్రహ్మం గొడుగు నేలకు ఆనించాడు. "అయితే ఈ మూడు నెలలూ నా రాళ్ళు మోసింది గుర్రపు జీనా!" అని తనలో తను అనుకుని, జేబులోంచి తాళంచెవి తీసి జక్కయ్య ముందు పెట్టాడు. "తీసుకోరా. జరిగిందేదో జరిగింది."

జక్కయ్య తీసుకోలేదు. చేతిలో జపమాల అట్లాగే పట్టుకుని, "దొంగ అన్నప్పుడు గట్టిగా అన్నారయ్యా. టీ కొట్టు దాకా వినబడింది" అన్నాడు.

రామబ్రహ్మం ముఖం గొడుగు కింద లేకపోయినా నల్లబడింది. టీ కొట్టు వైపు తిరిగి, "జక్కయ్య దొంగ కాదు. నేనే తొందరపడ్డా" అన్నాడు.

"ఇంకొంచెం" అన్నాడు టీ కొట్టువాడు. "గ్లాసుల చప్పుడులో సరిగ్గా వినబళ్ళా."

రామబ్రహ్మం ఈసారి అరిచి చెప్పాడు. జక్కయ్య తాళంచెవి తీసుకుని, క్యాబిను ఎక్కి, జపమాలను అద్దానికి కట్టాడు.

బేరింగు కోసం తాతే గుంటూరు పోయి వచ్చాడు. జాలీ కడిగి, క్రాంకు నునుపు చేసి, అన్నీ బిగించాడు. ఈసారి కర్ర చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకోలేదు. ముల్లు చూస్తేనే నమ్ముతానని నానమ్మ క్యాబినులో జక్కయ్య పక్కన ఎక్కి కూర్చుంది. తాత వెనక రాళ్ళ మీద కూర్చున్నాడు. పేట గుడి దగ్గర జక్కయ్య ఆ రోజు చెయ్యి తీయకుండా హారను కొట్టాడు. కరుణమ్మ చేట వదిలేసి రోడ్డు దాకా పరుగెత్తింది. కొండ మలుపు దగ్గర ఇంజను కాగి పొగలు కక్కుతుంటే నానమ్మ కళ్ళార్పకుండా ముల్లునే చూసింది.

"నిలబడిందా నాయనా?"

"నిలబడింది వదినా. కదల్లా."

"అయితే ఇంటికి పోనీ."

మిగిలిన తోలు ముక్కను నానమ్మ కడిగి, ఆరబెట్టి, పెట్టె అడుగున పెళ్ళిచీర మడతలో దాచింది. తాత నడుముకు పురికొస విప్పించి, షెడ్డు గోడకు వేలాడుతున్న పాత ఫ్యాను బెల్టు ఒకటి తనే కట్టింది. "ఇంక ఏ బస్సు ఆగినా దీన్ని విప్పి ఇచ్చుకో. ఇది ఎట్టాగూ ఇంజను సొమ్మే" అంది. తాత చచ్చేదాకా అదే కట్టుకుని తిరిగాడు.

మణికట్టు నొప్పి తగ్గిందా అని ఎవరైనా అడిగితే, "ఆ రోజుతోనే పోయింది" అనేవాడు, వంటింట్లోకి వినబడేటట్టు. ఆముదం గుడ్డ మాత్రం షెడ్డులో పనిముట్ల డబ్బాలో ఉండేది. ఇంటినుంచి వచ్చాక కట్టుకుని, ఇంటికి పోయేటప్పుడు విప్పేవాడు.